చిల్లర్ వెనక చుక్కకూర పప్పు

నాకు కోపం ఎక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే, తర్వాత జరిగినదాంట్లో తప్పెవరిదో మీరు పెద్దగా వెతుక్కోనక్కర్లేదు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు పోయే దారిలో, దేవరయాంజాల్ దాటాక, ఓ రేకుల షెడ్డులో నేను టెక్నీషియన్‌ని. బయటి నుంచి చూస్తే కోళ్లఫారం అనుకుంటారు. గుడ్లు ట్రే ఎంతని అడగడానికి ఒకాయన నిజంగానే లోపలికి వచ్చాడు కూడా. లోపల మేం చేసేది లేజర్లు. డిప్లొమా చదివేటప్పుడు ఏ టీవీల కంపెనీలోనో పని దొరుకుతుందనుకున్నాను. దొరికింది కంటికి కనబడని వెలుతురుతో కాపురం. పదకొండేళ్లుగా చేస్తున్నాను. నెలకోసారైనా ఎవరో ఒకరితో పోట్లాడతాను, మళ్లీ నేనే చాయ్ తెప్పిస్తాను.

షెడ్డులో మొత్తం ఆరుగురం. ఓనరు మేడ్చల్ మనిషే, ఆయన్ని అందరం సేటు అంటాం. బల్లల దగ్గర పనిచేసే ముగ్గురు కుర్రాళ్లూ నన్ను అక్కా అంటారు కాబట్టి వాళ్లు తమ్ముళ్లు. నేనొకదాన్ని. మిగిలింది పెద్ద సార్.

పెద్ద సార్‌ది కాకినాడ వైపు. నాగారంలో కొత్తగా కట్టిన కాలనీలో ఉంటారు. చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా స్క్రూలు విప్పే అలెన్ కీ మాత్రం ఉంటుంది. లేజర్లు చేసే మనుషుల్లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి. ఈయన పిచ్చి పసుపు రంగు.

ఎరుపు, ఆకుపచ్చ లేజర్లు ఇప్పుడు పిల్లల ఆటవస్తువుల్లో కూడా ఉంటున్నాయి. పసుపు మొండిది. నేరుగా పసుపునిచ్చే మంచి స్ఫటికం మా చేతికి దొరకలేదు, అందుకని చుట్టుదారి పట్టాలి. చక్కెర బిళ్లంత స్ఫటికంలోకి డయోడు అనే చిన్న దీపం వెలుతురు పంపిస్తే, అది కంటికి కనబడని ఇంకో వెలుతురునిస్తుంది. దాన్ని రెండు అద్దాల మధ్య బంధిస్తాం. అది అటూ ఇటూ పరుగెడుతూ ఆ స్ఫటికంలోని అణువుల్నే ఊపుతుంది, ఊపడానికి తన శక్తిలో కొంత వదులుకుంటుంది. పండగ పూట మేడ్చల్ బస్టాండులో బస్సెక్కిన మనిషి ఎక్కినంత హుషారుగా దిగడు కదా, అలాగే ఇదీ కాస్త నీరసించి వేరే వెలుతురైపోతుంది. దీన్నే రామన్ మార్పు అంటారు. ఆ నీరసించిన వెలుతురు ఇంకో చిన్న స్ఫటికంలోంచి పోతే, అప్పుడొస్తుంది పసుపు.

అది కూడా ఆగి ఆగి దెబ్బలు దెబ్బలుగా వస్తే సులువే, ఒక్కో దెబ్బలో బలం ఉంటుంది. ఆగకుండా ఒకే ధారగా రావాలంటేనే ప్రాణం మీదికొస్తుంది. లోపల తిరిగే వెలుతురు కాస్త తగ్గినా అణువులు ఊగవు, పసుపు మాయం. అద్దం మీద ఒక్క దుమ్ము రేణువు చాలు. ఇంకో తమాషా ఏమిటంటే, కళ్లు పోకుండా మేం పెట్టుకునే గాగుల్స్ పసుపునే ఆపేస్తాయి. చచ్చీ చెడీ పుట్టించిన పసుపు మాకే కనబడదు. మీటరు మీద అంకె చూసి, వచ్చిందిలే అనుకోవాలి.

ఈ పసుపు ఎవరిక్కావాలంటే కంటి డాక్టర్లకి. కంటి వెనక తెరలో కారే సన్నటి రక్తనాళాల్ని మూయడానికి అది బాగా పనికొస్తుంది. సిటీలో ఒక డాక్టరమ్మ సేటుతో చెప్పారట, గంటసేపు ఒక వాటుకి తగ్గకుండా నా కళ్లముందు నిలబెడితే మీ లేజరే పెట్టి మా మెషీను చేయిద్దామని. సేటు ఆ కబురు తెచ్చి పెద్ద సార్ ముందు పెట్టాడు.

"పెద్ద సార్, మస్తు ఏండ్లాయె. గీ ఒక్క గంట నిలబెట్టుండ్రి. నిలబడకుంటే ఇగ గీ బల్ల ఇప్పేసి పచ్చ లైట్లే జేసుకుందాం. మీరు గూడ ఇంటికాడ మనవరాలితోని మంచిగ ఆడుకోవచ్చు."

మనవరాలి మాట అంత తియ్యగా ఎత్తి మనిషిని కోయడం మా సేటుకే చెల్లు. ఆ సాయంత్రం పెద్ద సార్ లేజరు మీద కవరు కప్పి, అంచులు సర్ది, మళ్లీ ఒకసారి సర్ది వెళ్లారు. పసుపు పోతే ఆయన ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? పేపరు చదువుతారా?

ఇక నా తెలివి సంగతి.

మేం పెట్టే కరెంటులో పసుపుగా బయటికొచ్చేది చిటికెడు. మిగతాదంతా వేడి. స్ఫటికాన్నీ డయోడునీ చల్లబరిచే నీళ్లు చిల్లర్ అనే పెట్టెలో తిరుగుతుంటాయి, పెట్టె మనిషి నడుమెత్తు ఉంటుంది. అది అదిరితే లేజరు బల్ల అదురుతుందని దాన్ని గోడ అవతల వరండాలో పెట్టి, గోడకి కన్నం కొట్టి పైపులు లాగాం. దాని వెనక జాలీలోంచి వేడిగాలి వస్తూనే ఉంటుంది. పెద్ద సార్ ఆ వేడిగాలికి చెయ్యి అడ్డం పెట్టి రోజూ ఒకటే బాధ. "అంతా వృథా అమ్మాయ్, అంతా వృథా. ఎఫిషియెన్సీ పెంచాలి."

వృథా అంటే నాకూ పడదు. షెడ్డులో ఒవెన్ ఉండేది గానీ, అది పెట్టినప్పుడల్లా స్టెబిలైజరు కొట్టుకుంటోందని సేటు తీయించేశాడు. చలికాలం, మధ్యాహ్నానికి అన్నం గడ్డకట్టిపోయేది. ఓ రోజు నా డబ్బా తీసుకెళ్లి చిల్లర్ జాలీకి ఆనించాను. ఒంటిగంటకి తీస్తే చుక్కకూర పప్పు అప్పుడే పొయ్యి మీంచి దింపినట్టుంది! రెండో రోజు తమ్ముళ్ల డబ్బాలు కూడా పెట్టాను. మూడో రోజు వేడి బయటికి పోకుండా పైన మందపాటి తువ్వాలు కప్పాను. ఇంత చదువు చదివిన పెద్ద సార్ పెంచలేని ఎఫిషియెన్సీ నేను పెంచానని లోలోపల మురిసిపోయాను కూడా.

పదకొండున్నరకి పెట్టడం, ఒంటిగంటకి తీయడం. చిల్లర్ నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో బుక్కులో రాయడమూ నా పనే, పొద్దున పదింటికీ సాయంత్రం నాలుగింటికీ. రెండు పూటలా ఇరవై అని రాసేదాన్ని. నీళ్లు వేడెక్కితే కూసే బజరు ఒకటి ఉండేది. వోల్టేజీ ఊగినప్పుడల్లా ఊరికే కూస్తోందని ఎండాకాలంలో దాని వైరు పీకిందీ నేనే. చూశారా, ఎక్కడికక్కడ నా చెయ్యే.

సరిగ్గా అప్పటి నుంచే పసుపుకి జబ్బు చేసింది. పొద్దున మీటరు మీద ఒకటిన్నర వాట్ల దగ్గర హాయిగా ఉండేది. పన్నెండవుతుంటే దిగడం మొదలు. పన్నెండున్నరకి సున్నా. మా భోజనాలయ్యాక మెల్లగా లేచి కూర్చునేది. పెద్ద సార్ అద్దాలు తుడిచారు. మళ్లీ తుడిచారు. ఎండ వల్లేమోనని కిటికీలకి అట్టలు కొట్టించారు. కరెంటు తీగలు మార్పించారు. మూడు వారాలు ఇదే పని.

అన్నిటికన్నా విచిత్రం, శనివారాలు మాత్రం రోజంతా నిలిచేది. సేటు దీనికి ఓ సిద్ధాంతం చేశాడు.

"శనివారం ఎంకన్న దినం గద సార్. లేజరు గూడ ఒక్కపొద్దుంటాంది!"

నిజానికి ఒక్కపొద్దు ఉండేది తమ్ముళ్లు ముగ్గురూ, పెద్ద సారూను. వాళ్లు కడుపు మాడ్చుకుంటుంటే ముందు కూర్చుని తినడం బాగుండదని, చర్చికి పోయే నేను ఆ ఒక్కరోజూ డబ్బా తెచ్చుకోకుండా రోడ్డు మీదికి పోయి మిర్చి బజ్జీలు తిని వచ్చేదాన్ని. ఇప్పుడు మీకు తట్టింది అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ మూడో వారంలోనే పెద్ద సార్ నా జోలికొచ్చారు.

"అమ్మాయ్, ఆ వెనకద్దం బిగించింది నువ్వే కదా? చేతికి తలనూనె గానీ ఉందేమో..."

అంతే, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంది సార్ మీరనేది? నా చేతులకు నూనె ఉంటదా? మూడుమాట్ల సబ్బుతోని కడుక్కొని, గ్లౌజులు ఏసుకొని ముట్టిన! ముందుగాల మీ కళ్లద్దాలు తుడుసుకోండ్రి!"

తమ్ముళ్లు పని ఆపి చూస్తున్నారు. నలుగురు చూస్తుంటే ఆగితే నేనెందుకవుతాను!

"తప్పు నాదని తేలితే నెల దినాలు మీ అందరికీ నేనే వండుకొస్త. ఒట్టు!"

"దేని మీద ఒట్టక్కా?" అన్నాడు ఒక తమ్ముడు.

"ఒట్లు పెట్టుకోవద్దని మా పాస్టరు గారు జెప్పిన్రు. అందుకే గీ గాగుల్స్ మీద!"

తర్వాత నాలుగు రోజులు నేను పెద్ద సార్‌తో మాట్లాడలేదు. స్క్రూడ్రైవరు కావాలన్నా తమ్ముళ్ల ద్వారా అడిగించేదాన్ని.

మంగళవారం పొద్దున సేటు పిడుగులాంటి వార్త తెచ్చాడు. పసుపు నిలిచేది ఆ రోజే కదాని శనివారం రమ్మని కబురు పెట్టాం, డాక్టరమ్మకి కుదరదట. "బేస్తారం వస్తరంట సార్. ఇగ మీ ఇష్టం," అని చేతులు దులుపుకున్నాడు. మంగళవారం నుంచి బేస్తవారానికి మధ్యలో ఉన్నది ఒక్క బుధవారం. ఆ రోజు కూడా పన్నెండు కాగానే మీటరు దిగిపోయింది. పెద్ద సార్ కాసేపు దాన్నే చూసి, "విప్పేస్తాను. మొత్తం విప్పి మళ్లీ కడతాను," అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తనే. విప్పితే అద్దాలు మళ్లీ వరసలోకి రావడానికి వారం పడుతుందని నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

నేను కోపంగా వరండాలోకి వచ్చేశాను. కోపమొస్తే నాకు ఆకలేస్తుంది, ఒంటిగంట దాకా ఆగబుద్ధి కాలేదు. తువ్వాలు పట్టుకుని లాగుతుంటే చిల్లర్ మీది ఎర్ర అంకెలు కనబడ్డాయి. ఇరవై ఉండాలి. ముప్ఫై నాలుగుంది.

పదకొండున్నర. శనివారం. తువ్వాలు. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి.

అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన చెప్పకపోతే ఈ రాత దండగ. చప్పుడు కాకుండా డబ్బాలు తీసేద్దాం అనుకున్నాను. లేజరు దానంతటదే బాగవుతుంది, పెద్ద సార్ గట్టెక్కుతారు, నా పరువూ దక్కుతుంది, నెల వంట తప్పుతుంది. ఎంత బాగుంది! ఇంతలో గోడ కన్నంలోంచి పనిముట్ల ట్రే చప్పుడు వినబడింది. నేను నోరు మూసుకుంటే ఆయన ఈ నిమిషంలో విప్పేస్తారు. డబ్బాలన్నీ గబగబా తువ్వాల్లో వేశాను. వేస్తుంటే లెక్క తేడా వచ్చింది. నేను పెట్టినవి నాలుగు. ఇక్కడ ఐదున్నాయి. ఐదోది మూతున్న స్టీలు గిన్నె, దాని మీద చుక్కలు చుక్కలుగా ఒక ఆడమనిషి పేరు చెక్కి ఉంది. నేను ఆ మూట అలాగే పట్టుకుని లోపలికి ఉరికాను.

"ఆగుండ్రి సార్! గా స్క్రూ ఇప్పకుండ్రి!"

నాలుగు రోజుల తర్వాత నేను నోరు తెరిచేసరికి ఆయన బిత్తరపోయి అలెన్ కీ పైకెత్తారు.

"తప్పు అద్దానిది గాదు సార్, నాది. రోజూ డబ్బాలు తీస్కపోయి చిల్లర్ జాలీకి పెడుతున్న. మీదికెళ్లి తువ్వాల గూడ కప్పిన. గాలాడక నీళ్లు కాగుతున్నయి."

ఆయన ఒక డబ్బా ముట్టుకుని చురుక్కుమనేసరికి చెయ్యి లాక్కున్నారు. "నీళ్లు కాగితే డయోడు రంగు జరుగుతుంది. జరిగితే స్ఫటికం దాన్ని పీల్చుకోదు. లోపల వెలుతురు తగ్గుతుంది. అణువులు ఊగవు," అని పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా అన్నారు. తర్వాత, "మూడు వారాల నుంచి నిద్ర లేదమ్మాయ్ నాకు," అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చేసింది. ఏడ్చాను కూడా, గాగుల్స్ లోపల తడిసేలా.

అప్పుడాయన చూపు ఆ స్టీలు గిన్నె మీద పడింది.

"ఇది మా ఆవిడ గిన్నె," అన్నారు.

"నేనేం అడగలే సార్."

"చారమ్మా. వేడిగా లేకపోతే నాకు గొంతు దిగదు. నువ్వు కప్పి వెళ్లాక నేనొచ్చి పక్కన దూర్చేవాణ్ణి, నువ్వు తీయకముందే తీసేసుకునేవాణ్ణి."

"పెరుగన్నం తప్ప ముట్టనన్నరు గద? కడుపుల మంటన్నరు?"

"అది వేసవిలో," అన్నారాయన, ముఖం ఇంకో వైపు తిప్పుకుని. నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయన కూడా నవ్వారు. ఒంటిగంటన్నరకల్లా మీటరు ఒకటిన్నరకి వచ్చి కూర్చుంది.

ఇక్కడే నేను ఇంకో వెధవ పని చేశాను. తమ్ముళ్లతో, "రేపటి సంది డబ్బాలు గాడ పెట్టొద్దు," అని మాత్రమే చెప్పాను. ఎందుకని అడిగితే, "వద్దంటే వద్దు," అన్నాను. నెల వంట గుర్తొచ్చింది మరి. పెద్ద సార్ నన్ను పక్కకి పిలిచి, "చెప్పేయకూడదూ?" అన్నారు. "బేస్తారం అయినంక జెప్త సార్," అన్నాను. చారు సంగతి ఆయనకీ గుర్తొచ్చిందేమో, రెట్టించలేదు.

బేస్తవారం పదిన్నరకి రావలసిన డాక్టరమ్మ కొంపల్లి ట్రాఫిక్‌లో ఇరుక్కుని పన్నెండుకి వచ్చారు. వచ్చీ రాగానే గాగుల్స్ పెట్టుకుని, "పసుపు చూద్దామని ఇంత దూరం వస్తే, పసుపు కనబడని అద్దాలిచ్చారేంటండీ!" అని నవ్వారు. ఆవిడ నవ్వితే మాకు ధైర్యమొచ్చింది. సరిగ్గా పన్నెండూ అయిదుకి గంట మొదలైంది. మీటరు మీద ఒకటీ పాయింటు ఐదు. పెద్ద సార్ బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. సేటు కాసేపు కూర్చుని, మర్యాదలు చూడాలంటూ బయటికి వెళ్లాడు.

నలభై నిమిషాలు పసుపు కదల్లేదు. ఆ తర్వాత ఒకటీ పాయింటు నాలుగు అయింది. ఒకటీ పాయింటు మూడు అయింది. పెద్ద సార్ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను, ఒక్క డబ్బా కూడా లేదని. నా డబ్బా నా సంచిలోనే చల్లగా ఉంది. అప్పుడు గోడ కన్నంలోంచి, పైపుల పక్క నుంచి, ఘుమ్మని వాసన వచ్చింది.

బిర్యానీ!

వరండాలోకి పరుగెత్తాను. శామీర్‌పేట నుంచి తెప్పించిన బిర్యానీ పార్సిళ్లు చిల్లర్ జాలీకి వరసగా ఆనించి ఉన్నాయి. పైన నా తువ్వాలే, అంచులు లోపలికి దోపి మరీ. పక్కన సేటు ఆ పనితనం చూసుకుంటూ నిలబడ్డాడు.

"గీడ పెడితే సల్లగ గావంట, తమ్ముడు జెప్పిండు. మస్తు ఐడియా గదా!"

"జరుగుండ్రి సేట్!"

తువ్వాలు లాగి పారేసి, పార్సిళ్లు రెండు చేతులా తోసేశాను. బిర్యానీలోకిచ్చిన సాలన్ పులుసు సంచి ఒకటి పగిలి నా డ్రెస్సంతా పాకింది. తువ్వాలుతోనే జాలీకి గాలి విసురుతూ గోడ కన్నంలోకి అరిచాను.

"ఎంతుంది సార్?"

"ఒకటీ పాయింటు ఒకటి," అని వినబడింది. కాసేపటికి, "ఒకటీ పాయింటు సున్నా ఎనిమిది." తర్వాత, "ఒకటీ పాయింటు సున్నా ఆరు."

ఒకటి కన్నా కిందికి దిగితే ఆ బల్ల ఉండదు, ఆయనా ఉండరు. నేను దేవుణ్ణి తల్చుకుంటూ, సేటుని తిట్టుకుంటూ, నన్ను నేను అంతకన్నా ఎక్కువ తిట్టుకుంటూ విసిరాను.

"ఒకటీ పాయింటు సున్నా నాలుగు."

ఆ తర్వాత ఏమీ వినబడలేదు. చిల్లర్ ఫ్యాను చప్పుడొక్కటే.

"సార్! ఎంతుందో జెప్పుండ్రి!"

"ఒకటీ పాయింటు సున్నా నాలుగే. ఆగిందమ్మాయ్." మళ్లీ కాసేపటికి, "ఒకటీ పాయింటు సున్నా ఏడు. లేస్తోంది!"

నేను వరండాలో కిందే కూలబడ్డాను.

గంట అయ్యాక అందరూ బయటికొచ్చి నన్ను చూశారు. సాలన్ ఓడుతున్న డ్రెస్సుతో ఇక దాచడానికేముంది! ఉన్నదంతా కక్కేశాను. "డబ్బాలు పెట్టుడు మొదలువెట్టింది నేనే. మూడు వారాలు పెద్ద సార్‌ను పరేషాన్ జేసింది నేనే. ఎందుకు పెట్టొద్దో తమ్ముళ్లకు జెప్పకుండ దాసింది గూడ నేనే. జెప్పుంటే ఇయ్యాల గిట్ల గాకపోవు."

"ఒక గిన్నె నాది కూడా," అన్నారు పెద్ద సార్.

సేటు బిర్యానీ పార్సిలు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తిడదామంటే ఆ రోజు పెట్టింది తనే! డాక్టరమ్మ కళ్లనీళ్లు తుడుచుకునేదాకా నవ్వి, "ఒకటికి దిగలేదు కదండీ. నేను మీటరే చూశాను. మీతో మెషీను చేయిద్దాం. ఆ చిల్లర్ చుట్టూ మాత్రం కంచె కట్టించండి," అన్నారు. పెద్ద సార్ తల ఊపారు. గాగుల్స్ తీసి, చొక్కా అంచుతో అవే తుడుచుకుంటూ ఉండిపోయారు.

మిగిలిన బిర్యానీ అందరం పంచుకుని చల్లగానే తిన్నాం. ముగ్గురు తమ్ముళ్లూ నా గాగుల్స్ తెచ్చి నా కంచం పక్కన పెట్టి, రేపు ఏం కూరక్కా అని అడిగారు. చుక్కకూరే అన్నాను.

నాలుగింటికి చిల్లర్ డిగ్రీలు రాయడానికి బుక్కు తెరిస్తే, ఆ రోజు గడిలో పెద్ద సార్ అప్పటికే రాసి ఉంచారు. ఎప్పుడూ అచ్చు గుద్దినట్టుండే ఆయన అక్షరాలు వంకర్లు పోయాయి.

"పసుపు గంటసేపు నిలిచింది. బిర్యానీ చల్లారింది."